సిరాకు పరీక్ష, కాగితానికి పరీక్ష

"ఈ సిరా మంచిదేనా?" అని ఎవరైనా అడిగితే వెంటనే జవాబు చెప్పటానికి వీలు లేదు. "ఏ కాగితం మీద?" అని తిరిగి అడగవలసి ఉంటుంది. లెడ్జరు కాగితం మీద ముత్యంలాగా నిలిచిన అక్షరమే చౌకరకం నోటుపుస్తకంలో కాళ్ళూ చేతులూ చాచుకొని పాకుతుంది. వార్తాపత్రిక అంచున రాస్తే వెనుకవైపుకు దిగిపోతుంది. సిరా అదే, పాళీ అదే, రాసిన చెయ్యీ అదే. మారినది కాగితం ఒక్కటే. అంటే బుడ్డిలో మనం కొనుక్కొనేది సగం వస్తువే. తక్కిన సగం కాగితంలో ఉన్నది.

ఇంత చిన్న సంగతి శాస్త్రంగా రూపు కట్టటానికి నూరేళ్ళకు పైగా పట్టినది. ఆ తరువాత కూడా పరీక్షకులు ఒక ముఖ్యమైన ప్రశ్నను చాలాకాలం అడగనే లేదు. ఆ కథ చెప్పుకోవాలంటే ముందు సిరా జాతులు రెండింటిని వేరు చేసుకోవాలి.

మొదటిది మసి సిరా. దీపపు మసిని బంకనీళ్ళలో నూరితే వచ్చేది. మన తాళపత్రాల మీద కూడా ఘంటంతో గీసిన గీతలలో మసి పూసేవారు. మసి అంటే కర్బనం. దానిని ఎండ ఏమీ చేయలేదు, గాలీ ఏమీ చేయలేదు. అయితే కాగితం మీద అది పైపైనే కూర్చుంటుంది. తడిగుడ్డతో రుద్దితే చాలావరకు లేచిపోతుంది. రెండవది ఇనుప సిరా. దీనికి కావలసిన సరుకులు మన పసారి అంగడిలో దొరికేవే: మాచికాయ, అన్నభేది, తుమ్మబంక. మాచికాయ నిజానికి కాయ కాదు. ఒక జాతి ఓక్ చెట్టు కొమ్మ మీద చిన్న కందిరీగ వంటి పురుగు గుడ్డు పెట్టినప్పుడు ఆ చోట చెట్టు పెంచుకొనే బుడిపె అది. దానిలో టానిన్ అనే వగరు పదార్థం నిండుగా ఉంటుంది. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేట్. ఈ రెండు నీళ్ళూ కలిస్తే క్రమంగా నల్లని ద్రవం తయారవుతుంది. ఐరోపాలో మధ్యయుగాల నుంచి 19వ శతాబ్దం దాకా రాతపనికి ముఖ్యంగా వాడినది ఇదే.

ఈ సిరా కాగితం పీచులలోకి ఇంకి అక్కడ నల్లబడుతుంది కనుక కడిగినా పోదు. కాని ఒక దోషం ఉండేది. కొన్ని పత్రాలలో అది వందల ఏళ్ళు నల్లగా నిలిచేది. మరికొన్నింటిలో ఒకటి రెండు తరాలకే తుప్పురంగుకు తిరిగి, చివరకు చదవటానికే వీలు లేకుండా పోయేది. పొలం దస్తావేజులో సరిహద్దులు రాసిన పంక్తే వెలిసిపోతే ఆ ఇంటివారికి కలిగే కష్టం ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఎందుకీ తేడా? పాతవారు సిరా చేసే పద్ధతి రహస్యమనీ, అది అంతరించినదనీ సరిపెట్టుకొన్నవారు చాలామంది.

సరిపెట్టుకోని వారిలో విలియం లూయిస్ ఒకడు. ఇంగ్లండులో థేమ్స్ నది ఒడ్డున కింగ్‌స్టన్‌లో ఉండే వైద్యుడు, రసాయనవేత్త, రాయల్ సొసైటీ సభ్యుడు. 1763లో వెలువడిన తన గ్రంథంలో ఆయన వృత్తికళలను రసాయనశాస్త్రపు కళ్ళతో పరిశీలించినాడు. సిరా విషయంలో ఆయన చేసిన పని నేటి విద్యార్థికి ఎంతో సులువుగా కనిపించవచ్చును. మాచికాయ పాళ్ళూ అన్నభేది పాళ్ళూ మార్చి మార్చి రకరకాల సిరాలు చేసినాడు. వాటితో రాసిన కాగితాలను ఎండకూ గాలికీ పెట్టి, ఏది ముందు వెలుస్తుందో చూసినాడు. రెండూ సమపాళ్ళలో కలిపిన సిరా ముందు బాగా నల్లగా ఉండి, త్వరగా గోధుమరంగుకు తిరిగినది. మాచికాయ పాలు పెంచినకొద్దీ రాత ఎక్కువకాలం నిలిచినది. మూడు పాళ్ళ మాచికాయకు ఒక పాలు అన్నభేది మేలు అని ఆయన తేల్చినాడు. అంతటితో ఆగక, వెలిసిన రాతల మీద మాచికాయ కషాయం పూసి చూసినాడు. రాత మళ్ళీ నల్లబడినది! అంటే వెలిసినచోట ఇనుము ఉండనే ఉన్నది; నశించినది వగరు పదార్థం. రహస్యమంటూ ఏమీ లేదు. పాళ్ళు తప్పటమే కారణం.

కొత్తగా ఉన్నప్పుడు ఎక్కువ నల్లగా కనిపించే సిరాయే ఎక్కువకాలం నిలుస్తుందనే నమ్మకాన్ని ఆ ప్రయోగం తోసివేసినది. కంటికి నచ్చటం వేరు, పరీక్షకు నిలవటం వేరు. సిరా పరీక్షల చరిత్ర అంతటిలో నాకు అన్నిటికన్న ముఖ్యంగా తోచే మెట్టు ఇదే.

ఆ తరువాత పాతికేళ్ళలోపే, 1787లో, రాయల్ సొసైటీ కార్యదర్శి చార్లెస్ బ్లాగ్డెన్ అదే ప్రశ్నను వెనుక నుంచి పట్టుకొన్నాడు. థామస్ ఆసిల్ అనే పురాతన పత్ర సేకర్త దగ్గర 9వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం దాకా రాసిన తోలుపత్రాలు ఉండేవి. వాటి మీద బ్లాగ్డెన్ కొన్ని రసాయనాలు వేసి చూసినాడు. ఇనుము ఉంటే నీలిరంగు పుట్టించే లవణాన్ని, అంటే నేడు పొటాషియం ఫెర్రోసయనైడ్ అనే దానిని, కొంచెం ఆమ్లంతో కలిపి వేయగానే వెలిసిపోయిన అక్షరాలు నీలంగా పైకి తేలినవి. పరీక్షించిన వాటిలో ఒక్క తునక మాత్రం ఏ రసాయనానికీ లొంగలేదు. తీరా చూస్తే అది చేతిరాతే కాదు, ఒక పాత అచ్చుపుస్తకంలోని ముక్క. అచ్చు సిరా మసితో చేసినది కదా!

వెలిసిన రాతను లేపే ఈ విద్య తరువాతి వారి చేతిలో కొంత అపకారం కూడా చేసినది. 19వ శతాబ్దపు ఆరంభంలో ఇటలీలో ఆంజెలో మాయి వంటి పండితులు, చెరిపి మళ్ళీ రాసిన తోలుపత్రాలలోని అడుగు రాతను చదవటానికి మాచికాయ కషాయం పూసినారు. రోమన్ వక్త సిసిరో రాసిన రాజ్యనీతి గ్రంథం చాలాభాగం మాయి చేతిలో అట్లా బయటపడి 1822లో అచ్చయినది. కాని కషాయం పూసిన పత్రాలు కాలక్రమాన మచ్చలు పడి గోధుమరంగుకు మారినవి. ఆనాటి పండితుడికి చదవటం కుదిరినది. తరువాతి వారికి కష్టం మిగిలినది.

ఇనుప సిరా కాగితం మీద నల్లబడే తీరును కొంచెం తెలుసుకోవాలి. ముందు వచ్చే పరీక్షలన్నీ దాని మీదనే ఆధారపడినవి. అన్నభేదిలోని ఇనుము ఫెర్రస్ రూపంలో ఉంటుంది. అది టానిన్‌తో, గాలిక్ ఆమ్లంతో కలిసినప్పుడు ఏర్పడే పదార్థానికి రంగు లేనట్లే. అది నీటిలో కరుగుతుంది కూడా. గాలిలోని ఆమ్లజని తగిలి ఇనుము ఫెర్రిక్ రూపానికి మారినప్పుడే నీటిలో కరగని నల్లని పదార్థం పుడుతుంది. ఈ మార్పు బుడ్డిలోనే జరిగితే అడుగున మడ్డి చేరి సిరా పాడవుతుంది. కాగితం పీచులలో జరిగితే రాత నిలుస్తుంది. కనుక సిరా చేసేవాడి నేర్పంతా ఆ మార్పును బుడ్డిలో ఆపి, కాగితం మీద జరగనివ్వటంలోనే ఉన్నది. బుడ్డిలో ఆపటానికి ఆమ్లం కలుపుతారు. కాగితంలోని పదార్థాలు ఆ ఆమ్లాన్ని కొంత విరిచివేస్తాయి, గాలి తక్కిన పని చేస్తుంది. సుద్ద కలిసిన కాగితం మీద త్వరగా నల్లబడే సిరా, పటిక ఎక్కువైన కాగితం మీద ఆలస్యం చేయటానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక చిక్కు. రంగులేని ద్రవంతో రాస్తే రాసేవాడికి తాను రాసినది కనిపించదు. 1832 ప్రాంతంలో లండన్ వైద్యుడు హెన్రీ స్టీఫెన్స్ నీలిరంగు తోడు చేసిన పలుచని సిరాను వ్యాపారంలోకి తెచ్చినాడు. ఈ స్టీఫెన్స్ వైద్యవిద్యార్థిగా ఉన్నప్పుడు కవి జాన్ కీట్స్‌తో ఒకే బసలో ఉండినవాడు. 1855 ప్రాంతంలో జర్మనీలో డ్రెస్డెన్ నగరంలో ఆగస్ట్ లియోన్‌హార్డి నీలిమందును గంధకామ్లంలో కరిగించి ఇనుప సిరాలో కలిపినాడు. నీలంగా రాసి, నాలుగు రోజులకు నల్లగా మారే ఆ సిరానే మనం 'బ్లూ బ్లాక్' అన్నాము. కనుక బ్లూ బ్లాక్ అనేది ఒక రంగు పేరు కాదు; మొదట నీలం, పిమ్మట నలుపు అనే ఒక క్రమం పేరు.

1856లో పెర్కిన్ కృత్రిమంగా ఊదారంగు తయారుచేసిన తరువాత తారు నుంచి తీసిన చౌకరంగులు వెల్లువగా వచ్చినవి. చిటికెడు రంగు నీటిలో కలిపితే చాలు, బుడ్డినిండా మెరిసే సిరా. మడ్డి లేదు, పులుపు లేదు, పాళీ తుప్పు పట్టదు. కాని ఎండ తగిలితే వెలుస్తుంది, నీరు తగిలితే కరుగుతుంది. కచేరీలలో ఏ గుమాస్తా ఏ సిరాతో రాస్తున్నాడో చూసుకోవలసిన అవసరం ప్రభుత్వాలకు అప్పుడు కలిగినది. ప్రష్యా ప్రభుత్వం 1888లో అధికారపత్రాల సిరాకు నియమాలు విధించినది. మొదటి తరగతి సిరాలో లీటరుకు టానిన్, గాలిక్ ఆమ్లం కలిపి 30 గ్రాములు, ఇనుము 4 గ్రాములు తక్కువ కాకుండా ఉండాలన్నది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1894లో, తాము పరీక్షించి ఒప్పుకొన్న సిరాతోనే ప్రభుత్వ రికార్డులు రాయాలని చట్టం చేసినది.

నియమం పెట్టగానే పని ముగియదు. రెండు సిరాలను పోల్చేది ఎట్లా? ఒకరు ఒత్తి రాస్తారు, మరొకరు తేలికగా రాస్తారు. ఒక పాళీ వెడల్పు, మరొకటి సన్నం. కాగితం ఒక్కటే అయినా ఒత్తిడి మారితే దాని మీద పడే సిరా మారుతుంది. ఈ చిక్కును విప్పినవారు ష్లుట్టిగ్, నోయమన్ అనే ఇద్దరు జర్మన్ రసాయనవేత్తలు. 1890లో డ్రెస్డెన్‌లో వెలువడిన వారి పుస్తకం ఇనుప సిరాల మీదనే. వారి ఉపాయం పాళీని తీసివేయటం! కాగితాన్ని చట్రానికి బిగించి 45 డిగ్రీల వాలున నిలబెట్టినారు. గాజుగొట్టంతో కొలిచిన సిరాను పై అంచున వదిలినారు. సిరా చారగా కిందికి జారుతుంది. పక్కనే, అదే కాగితం మీద, అంతే కొలతతో ప్రమాణ సిరా చార. చార వెడల్పు చూస్తే సిరా పలుచన తెలుస్తుంది. అంచులు చూస్తే పాకే గుణం తెలుస్తుంది. కాగితం వెనుకకు తిప్పితే దిగే గుణం తెలుస్తుంది. ఎనిమిది రోజులు ఆరనిచ్చి, చారలకు అడ్డంగా కాగితాన్ని పట్టీలుగా కోసి, ఒకదానిని నీటిలో, మరొకదానిని ఆల్కహాలులో నానబెడితే తాత్కాలికపు రంగు పోయి ఇనుపనలుపు ఎంత మిగిలినదో కనిపిస్తుంది. ప్రమాణ సిరాలో కూడా పరీక్షించే సిరాలో ఉన్నటువంటి రంగునే కలపాలని వారు చెప్పినారు. లేకపోతే కన్ను మోసపోతుంది.

వారి ప్రమాణ సిరా పాళ్ళు లీటరుకు ఇవి: టానిన్ 23.4 గ్రాములు, గాలిక్ ఆమ్లం 7.7 గ్రాములు, అన్నభేది 30 గ్రాములు, తుమ్మజాతి బంక 10 గ్రాములు, హైడ్రోక్లోరిక్ ఆమ్లం 2.5 గ్రాములు, బూజు పట్టకుండా కార్బాలిక్ ఆమ్లం 1 గ్రాము. 278 పాళ్ళ అన్నభేదిలో ఇనుము 56 పాళ్ళు. ఆ లెక్కన లీటరు ప్రమాణ సిరాలో సుమారు 6 గ్రాముల ఇనుము ఉన్నదని విద్యార్థులే కట్టి చూడవచ్చును. ఈ అంకె గుర్తుంచుకోవాలి. దీనితో ముందు పని ఉన్నది.

సిరాకు పరీక్ష కుదిరినది. మరి కాగితానికో? కాగితమంటే అసలు దూది, గడ్డి, చెక్క వంటి వాటి పీచుల అల్లిక. పీచుల మధ్య సన్నని సందులు ఉంటాయి. దీపపు వత్తిలో నూనె ఎక్కినట్లే ఆ సందులలో సిరా పాకుతుంది. అద్దుడు కాగితం చేసే పని అదే. రాతకాగితంలో ఆ పాకుడును ఆపటానికి వెనుకటి రోజులలో ఐరోపావారు తోళ్ళు ఉడికించి తీసిన జిగురులో కాగితాన్ని ముంచేవారు. 1807లో జర్మనీలో ఇల్లిగ్ అనే ఆయన, దేవదారు జాతి చెట్ల నుంచి వచ్చే రోజనాన్నీ పటికనూ గుజ్జులోనే కలిపి పని తేలిక చేసినాడు. యంత్రాల మీద చేసే కాగితానికి ఆ పద్ధతి చక్కగా కుదిరి లోకమంతా వ్యాపించినది. చౌక, సులువు, కాని పటిక వలన కాగితంలో ఆమ్లగుణం చేరినది. దాని ఫలితం తరువాత తెలిసినది.

జిగురు సరిగా పట్టినదీ లేనిదీ తెలుసుకోవటానికి జర్మనీలో వాడిన పరీక్ష ఒకటి చాలా ముచ్చటైనది. లియోన్‌హార్డి పరీక్ష అని దానికి పేరు. కాగితం ఒక ముఖాన ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంతో గీతలు గీసి ఆరనివ్వాలి. రెండవ ముఖాన ఈథర్‌లో కరిగించిన టానిన్ పోయాలి. ఇనుము ఈవలి నుంచి ఆవలికి దిగి ఉంటే వెనుకవైపున గీతలు నల్లగా పలుకుతాయి. దిగకపోతే ఏమీ కనిపించదు. సిరాను రెండు సగాలుగా విడదీసి కాగితానికి ఇరువైపులా నిలబెట్టినారన్నమాట. కాగితం గోడ గట్టిదైతే ఆ రెండూ కలవవు.

దీని వెనుక లెక్క 1921లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ వాష్‌బర్న్ చెప్పినాడు. సన్నని రంధ్రంలో ద్రవం పాకే దూరం కాలానికి వర్గమూలంగా పెరుగుతుంది. అంటే రెండింతల దూరం పాకటానికి నాలుగింతల కాలం పడుతుంది. తలతన్యత ఎక్కువైతే పాకుడు ఎక్కువ, స్నిగ్ధత ఎక్కువైతే తక్కువ, రంధ్రం వెడల్పయితే ఎక్కువ. అన్నిటినీ మించినది ద్రవం పీచును తడిపే గుణం. రోజనం పూసిన పీచును నీరు తడపలేదు కనుక అక్కడ పాకుడు ఆగుతుంది. నేటి కాగితపు మిల్లులలో చేసే కాబ్ పరీక్ష కూడా ఇటువంటిదే. మామూలుగా 60 సెకన్లలో ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల నీరు పీలుస్తుందో తూచి చెబుతారు.

ఇంతలో కలమే మారినది. 1884లో వాటర్‌మన్ అమెరికాలో పేటెంటు పొందిన ఫౌంటెన్ పెన్నుతో సిరా బుడ్డి నుంచి జేబులోకి వచ్చినది. ముంచి రాసే కలానికి మడ్డి చేరితే తుడుచుకోవచ్చును. ఫౌంటెన్ పెన్ను లోపలి సన్నని కాలువలో మడ్డి చేరితే కలమే మూగపోతుంది. ఇనుము తగ్గించక తప్పలేదు. అమెరికా ప్రభుత్వపు రాతసిరా ప్రమాణంలో టానిన్ 11.7 గ్రాములు, గాలిక్ ఆమ్లం 3.8 గ్రాములు, అన్నభేది 15 గ్రాములు. ష్లుట్టిగ్, నోయమన్‌ల పాళ్ళకు సరిగా సగం. ఇనుము 3 గ్రాములు. శాశ్వతమైన రికార్డులకు మాత్రం పూర్తిపాళ్ళ సిరానే ఉంచుకొన్నారు. ఆ దేశపు ప్రమాణాల సంస్థలో సి. ఇ. వాటర్స్ అనే రసాయనవేత్త సిరాలను గురించి రాసిన చిన్న పుస్తకాలు, ముఖ్యంగా 1936 నాటిది, ఉపాధ్యాయులు చదవదగినవి. మన దేశపు ప్రమాణాలలో ఐ.ఎస్. 220 ఫౌంటెన్ పెన్ను ఇనుప సిరాకు సంబంధించినది. అందులో ఇనుము నూటికి 0.1 పాలు, అంటే లీటరుకు సుమారు 1 గ్రాము. ఆరు, మూడు, ఒకటి! కలం సుకుమారమైనకొద్దీ రాతలో ఇనుము తరిగినది. ఇనుము అసలే లేని రంగు సిరాలకు ఐ.ఎస్. 1221 అని వేరే ప్రమాణం ఏర్పడినది.

1931లో పార్కర్ కంపెనీ తెచ్చిన 'క్విన్క్' సిరా త్వరగా ఆరుతుందని పేరు పొందినది. 'క్విక్', 'ఇంక్' అనే రెండు మాటలు కలిపిన పేరు అది. సిరా ఆరటానికి రెండు దారులు ఉన్నవి. నీరు ఆవిరి కావటం ఒకటి, కాగితంలోకి ఇంకటం రెండవది. గట్టిగా జిగురు పట్టించిన కాగితం మీద రెండవ దారి మూసుకొని ఉంటుంది కనుక రాత చాలాసేపు తడిగా ఉంటుంది. త్వరగా ఇంకే సిరాను ఇంకించుకొనే కాగితం మీద రాస్తే అది పాకక మానదు. త్వరగా ఆరటం, పాకకుండా ఉండటం అనే రెండు సుగుణాలూ ఒకదానినొకటి లాగుతూ ఉంటాయి. కొనేవారు రెండూ కావాలంటారు!

మన దేశంలో ఆ దశాబ్దంలోనే స్వదేశీ ఉద్యమం కలాన్నీ సిరానూ కూడా తాకినది. రాజమండ్రిలో రత్నం గారి స్వదేశీ కలాలు వెలసినవి. బెంగాల్‌లో రసాయనవేత్త సతీశ్ చంద్ర దాస్‌గుప్త 'కృష్ణధార' అనే సిరా చేసినాడు. నేడు బంగ్లాదేశ్‌లో ఉన్న రాజషాహిలో 1934లో మైత్ర సోదరులు 'సులేఖ' సిరా ప్రారంభించినారు. దేశాభిమానంతో ఒక బుడ్డి కొనిపించవచ్చును; రెండవ బుడ్డి కొనిపించేది సిరా గుణమే.

కాగితం మీద పాకటం దోషమే అయినా, దానినే పనిముట్టుగా చేసుకొన్నవారు ఉన్నారు. జర్మన్ రసాయనవేత్త రుంగె 1850 ప్రాంతంలో అద్దుడు కాగితం మీద రసాయనాల చుక్కలు వేసి, అవి పాకుతూ వలయాలు వలయాలుగా విడిపోవటం చూసి, ఆ బొమ్మలతో పుస్తకాలే వేసినాడు. 1944లో కాన్స్‌డెన్, గోర్డన్, మార్టిన్‌లు వడపోత కాగితం మీద అమైనో ఆమ్లాలను వేరుచేసే పద్ధతి ప్రకటించినారు. ఈ పద్ధతికి మూలమైన పనికి మార్టిన్‌కూ సింజ్‌కూ 1952లో నోబెల్ బహుమానం వచ్చినది. నల్లసిరా చుక్క వేసిన వడపోత కాగితపు అంచును నీటిలో ముంచితే, నలుపులో దాగిన నీలం, ఎరుపు, పసుపు వేరువేరుగా ఎక్కటం ఏ తరగతిలోనైనా చూపించవచ్చును. ఇనుప సిరాతో అయితే ఆరిన నల్లభాగం పెట్టినచోటనే ఉండిపోయి, నీలం ఒక్కటే పైకి పోతుంది. రంగు సిరాకూ ఇనుప సిరాకూ తేడా చూపటానికి ఇంతకన్న తేలిక పరీక్ష లేదు.

బడిలో చేయదగిన మరొక పరీక్ష లూయిస్‌దే. మాచికాయ పొడి మూడు పాళ్ళు, అన్నభేది ఒక పాలు తీసుకొని ఒక సిరా. రెండూ సమంగా తీసుకొని మరొకటి. వేటికవి నీటిలో నానబెట్టి వడకట్టి, కొంచెం తుమ్మబంక చేర్చాలి. మాచికాయ దొరకకపోతే కరక్కాయ పనికివస్తుంది. దానిలోనూ టానిన్ ఉన్నది. వీటి పక్కన అంగడిలో కొన్న నీలిసిరా ఒకటి పెట్టుకోవాలి. లెడ్జరు కాగితం, నోటుపుస్తకపు కాగితం, వార్తాపత్రిక అంచు, వడపోత కాగితం తీసుకొని, ఒక్కొక్కదానిని అట్టకు బిగించి 45 డిగ్రీల వాలున పెట్టి, మందు వేసే చుక్కల గొట్టంతో సమంగా లెక్కపెట్టిన చుక్కలు పై అంచున వదలాలి. వారం ఆరిన తరువాత సగం చారను నల్లకాగితంతో కప్పి కిటికీలో ఎండకు ఉంచాలి. మరొక పట్టీని నీటిలో నానబెట్టాలి. ఒకేసారి రెండు సంగతులు మార్చకూడదన్న నియమం విద్యార్థికి ఇక్కడ చేతికి తగులుతుంది. సిరా మారిస్తే కాగితం మార్చరాదు. కాగితం మారిస్తే సిరా మార్చరాదు. తొందరపడి నెలలోపు తీర్పు చెప్పటం మంచిది కాదు. నలుపు కాని నీలిసిరా కొద్దిరోజులలోనే పాలిపోవచ్చును, కాని లూయిస్ చూసిన తేడా తేలటానికి వ్యవధి కావాలి. ఈ సిరా ఆమ్లంతో కూడినది. సొంత ఫౌంటెన్ పెన్నులో మాత్రం పోయకూడదు.

ఈ పరీక్షలన్నీ అడిగిన ప్రశ్న ఒక్కటే: రాత నిలుస్తుందా? కాగితం నిలుస్తుందా అన్నది వేరే ప్రశ్న. ఇనుప సిరా నల్లబడేటప్పుడు ఆమ్లం విడుదలవుతుంది. ఆమ్లం కాగితంలోని సెల్యులోజ్ గొలుసులను తెంపుతుంది. టానిన్‌కు మించి మిగిలిన ఫెర్రస్ ఇనుము గాలిలోని ఆమ్లజనితో కలిసి సెల్యులోజ్‌ను మరింత త్వరగా కాల్చివేస్తుంది. లూయిస్ వద్దన్న సమపాళ్ళ సిరాలో మిగిలేది ఈ ఇనుమే. ఇట్లాంటి పత్రాలలో ముందు అక్షరం చుట్టూ గోధుమరంగు నీడ పడుతుంది, తరువాత పగుళ్ళు వస్తాయి, చివరకు అక్షరం ఉన్నచోటనే ఊడి రంధ్రం మిగులుతుంది. పటికతో జిగురు పట్టించిన కాగితమైతే అసలే ఆమ్లగుణం కలది కనుక నష్టం ఇంకా ఎక్కువ. రాత చెరగకూడదని కలిపిన పదార్థాలే రాతను మోసే కాగితాన్ని తిన్నవి.

ఈ సంగతి చర్చకు రాకపోలేదు. 1898లో స్విట్జర్లాండులోని సాంక్ట్ గాలెన్‌లో, వాటికన్ గ్రంథాలయాధికారి ఎయర్లే చొరవతో, పాత రాతప్రతుల రక్షణ కోసం అంతర్జాతీయ సమావేశం జరిగినది. అమెరికాలో విలియం బారో 20వ శతాబ్దపు మధ్యకాలంలో సిరాలోని, కాగితంలోని ఆమ్లాన్ని కొలిచి, దానిని విరిచే పద్ధతులు ప్రచారం చేసినాడు. అయితే ఆమ్లాన్ని విరిస్తే చాలదు, ఇనుమును కూడా కట్టడి చేయాలని స్పష్టంగా తేలినది 1990లలోనే. నెదర్లాండ్స్‌లో యోహాన్ నీవెల్ దీనికి ఫైటేట్ లవణాలు వాడవచ్చునని చూపినాడు. ఫైటిక్ ఆమ్లం గింజలలో, మన బియ్యపు తవుడులో కూడా, సమృద్ధిగా ఉండే పదార్థం. అది ఇనుమును పట్టుకొని కదలనివ్వదు. పత్రాన్ని ముందు కాల్షియం ఫైటేట్ నీటిలో, తరువాత కాల్షియం బైకార్బొనేట్ నీటిలో ముంచి ఆరబెడతారు.

ఏ పత్రానికి ఈ చికిత్స అవసరమో తెలుసుకోవటానికి వాడేది మళ్ళీ ఒక కాగితమే. బాథోఫెనాంత్రోలిన్ అనే పదార్థం పట్టించిన చిన్న పట్టీని కొద్దిగా తడిపి, పాత అక్షరం మీద అర నిమిషం అదిమి తీస్తారు. కట్టుబడని ఫెర్రస్ ఇనుము ఉంటే పట్టీ మీద ఆ అక్షరం ముదురు గులాబి రంగులో దిగుతుంది. లేకపోతే పట్టీ తెల్లగానే వస్తుంది.